సైకిలు మీద చెరువు పాఠం: పాలమూరు, నల్గొండ దారుల్లో నెమ్మదిగా



సాంఘిక శాస్త్రం పరీక్షలో చెరువుల కింద సాగు గురించి ప్రశ్న వస్తే మన పిల్లలు నాలుగు మార్కుల జవాబు పొల్లుపోకుండా రాస్తారు. అదే పిల్లలను తరగతిలో "మత్తడి దుంకడం అంటే ఏమిటి?" అని అడిగితే లేచే చేతులు రెండో మూడో. అవి సెలవులకు అమ్మమ్మ ఊరికి వెళ్లొచ్చే పిల్లల చేతులు. మిగతావాళ్ల తప్పేమీ లేదు. పొద్దున బస్సు ఎక్కి, స్టడీ అవర్ అయ్యాక మళ్లీ బస్సు దిగే పిల్లలకు చెరువు కిటికీలోంచి ఒక్కసారి మెరిసి మాయమవుతుంది. చెరువు నిండి, మిగులు నీరు అలుగు మీదుగా పొర్లడాన్నే మన దగ్గర మత్తడి దుంకడం అంటారు. ఈ మాట పుస్తకంలో దొరకదు, కట్ట మీద నిలబడితే దొరుకుతుంది.

అందుకే ఈ నెల మీకు ఒక చిన్న ప్రతిపాదన. దసరా నుంచి సంక్రాంతి తర్వాత వరకు, నెలకు ఒక ఆదివారం ఉదయం పిల్లలతో కలిసి సైకిళ్ల మీద బయలుదేరండి. పోటీ వద్దు, లెక్క పూర్తి చేయాలన్న తొందర వద్దు. మన చుట్టూ ఉన్న చెరువులను, గుట్టలను, చెట్లను చూసి రావడమే పని.

సైకిలే ఎందుకు?

చిన్న లెక్క చేద్దాం. కిలోమీటరు పొడవున్న చెరువు కట్టను గంటకు 80 కి.మీ. వేగంతో వెళ్లే కారు 45 సెకన్లలో దాటేస్తుంది. గంటకు 10 కి.మీ. వేగంతో తొక్కే సైకిలుకు 6 నిమిషాలు పడుతుంది. గంటకు 4 కి.మీ. నడిచేవారికి 15 నిమిషాలు. నడకలో అన్నీ కనిపిస్తాయి కానీ, చెరువు నుంచి దాని కింది పొలాల దాకా, అక్కడి నుంచి పక్క ఊరి చెరువు దాకా వెళ్లేసరికి పిల్లల కాళ్లు లాగుతాయి. కారులో అంత దూరమూ తిరగవచ్చు కానీ ఏదీ ఆగి కనిపించదు. సైకిలు ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. మూడు గంటల ఉదయంలో, మధ్యమధ్య ఆగుతూ కూడా, పదిహేను కిలోమీటర్లు తేలిగ్గా తిరిగి రావచ్చు. ఆగాలనిపిస్తే బ్రేకు పట్టుకుంటే చాలు. పార్కింగ్ వెతుక్కునే పని లేదు.

మీలో చాలామంది తండ్రులు బడికి సైకిలు మీదే వెళ్లి ఉంటారు. సీటు అందని వయసులో కడ్డీ సందులోంచి కాలు పెట్టి కైంచీ తొక్కిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ కథ పిల్లలకు చెప్పండి. తల్లులకు ఇంకో మాట. ఎనిమిదో తరగతి దాకా హాయిగా తొక్కిన అమ్మాయి సైకిలు, తొమ్మిదికి వచ్చేసరికి చాలా ఇళ్లలో మూలకు చేరుతుంది. నాన్న, తమ్ముడు వెళ్లి వస్తే అక్క ఇంట్లో ఉండిపోయే పర్యటన వద్దు. అమ్మ కూడా తొక్కితే మరీ మంచిది. రాకపోతే నేర్చుకోవడానికి ఇదే సమయం.

బయలుదేరే ముందు: మన నేల కథ

దక్షిణ తెలంగాణ పీఠభూమి గ్రానైటు నేల. దారి పొడవునా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్రని బండలు ఎవరూ పేర్చినవి కావు. రాతి పగుళ్లలోకి నీరు దిగి, ఎండకూ చలికీ మూలలు అరిగి, మెత్తబడిన మట్టి కొట్టుకుపోగా మిగిలినవి. ఇక్కడ ఏడాదికి పడే వాన సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. అదీ చాలా మటుకు జూన్ నుంచి అక్టోబరు లోపే పడుతుంది. గట్టి రాయి నీటిని లోపలికి అంతగా ఇంకనివ్వదు. కాబట్టి పడిన వానను పట్టి ఉంచకపోతే వాగుల్లోంచి మూసీకో కృష్ణకో పోతుంది.

మన పూర్వికులు దీనికి కనుక్కున్న ఉపాయమే గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దుంకితే, ఆ నీరు వాగులో పడి కింది చెరువును నింపుతుంది. అది నిండాక దాని కిందిది. తెలంగాణలో చెరువులు, కుంటలు 46 వేలకు పైగా ఉన్నాయని లెక్క తేలింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో వాటి పూడిక తీసి, కట్టలను బాగుచేసే పని చేపట్టారు.

చెరువు ఎండి బోరు మీదే ఆధారపడితే ఏమవుతుందో నల్గొండ జిల్లాకు బాగా తెలుసు. గ్రానైటు రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భ జలంలో కలుస్తుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో అంతకు ఎన్నో రెట్లున్న నీటిని తాగి, ఎముకలు వంకరపోయిన మనుషులు ఎందరో. పటిక, సున్నం కలిపి నీటిలోంచి ఫ్లోరైడును తగ్గించే విధానానికి ప్రపంచమంతటా రసాయన శాస్త్ర పుస్తకాల్లో 'నల్గొండ పద్ధతి' అనే పేరుంది. మన జిల్లా పేరు పాఠంలోకి ఎక్కింది ఒక బాధ వల్ల. చెరువు, నది నీటి విలువ పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

మొదటి ఆదివారం: పానగల్లు ఉదయ సముద్రం

నల్గొండ పట్టణానికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో పానగల్లు ఉంది. కందూరు చోడులు రాజధానిగా పాలించిన ఊరు. ఇక్కడి ఉదయ సముద్రం వాళ్ల కాలపు చెరువే. ఆ వంశంలోని ఉదయన చోడుడి పేరు మీదే దానికి ఆ పేరు వచ్చిందంటారు. కట్ట మీద నిలబడి పిల్లలను ఒక ప్రశ్న అడగండి: "ఎండాకాలంలో కూడా ఇందులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?"

జవాబు ఆసక్తిగా ఉంటుంది. నాగార్జునసాగర్ జలాశయం అంచున పుట్టంగండి దగ్గర మోటార్లతో కృష్ణా నీటిని పైకి ఎత్తి, అక్కంపల్లి జలాశయానికి పంపిస్తారు. అక్కడి నుంచి ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువల ద్వారా ఆ నీరు ఉదయ సముద్రానికి చేరుతుంది. అంటే వాన నీటి కోసం తవ్విన పాత చెరువు ఈ రోజు నది నీటిని కూడా దాచిపెడుతోంది. హైదరాబాదులో ఉండే మన కుటుంబాలకు మరో విషయం: నగరానికి వచ్చే కృష్ణా నీరు కూడా అదే అక్కంపల్లి నుంచి బయలుదేరి, కోదండాపూర్‌లో శుద్ధి అయి వస్తుంది. ఇంట్లో కుళాయి తిప్పినప్పుడు పిల్లలకు ఈ దారి గుర్తొస్తే మన పాఠం ఫలించినట్టే.

పక్కనే ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భగుడుల ఈ ఆలయంలో ఒక గర్భగుడిలోని లింగం వెనుక స్తంభం నీడ పగలంతా కదలకుండా కనిపిస్తుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు? పిల్లలను ఊహించనివ్వండి, వెంటనే జవాబు చెప్పకండి. ఎండ నేరుగా లోపలికి పడదు. ఆలయం ముందున్న స్తంభాల మధ్య నుంచి పలు వైపుల వెలుతురు చేరుతుంది. ఇంటికి వచ్చాక చీకటి గదిలో ఒక పెన్సిలు నిలబెట్టి, రెండు పక్కల నుంచి రెండు టార్చిలైట్లు వేసి చూడమనండి. రెండు నీడలు కలిసిన చోట చీకటి ఎలా చిక్కబడుతుందో కనిపిస్తుంది. దగ్గర్లోని పచ్చల సోమేశ్వరాలయం ప్రాంగణంలో మ్యూజియం కూడా ఉంది. మొత్తం తిరుగుడు పది, పన్నెండు కిలోమీటర్లు దాటదు. మొదటిసారికి అది చాలు.

రెండో ఆదివారం: పెద్ద చెరువు నుంచి పిల్లలమర్రికి

మహబూబ్‌నగర్ పట్టణం మధ్యలోని పెద్ద చెరువు దగ్గర మొదలుపెట్టి పిల్లలమర్రి దాకా వెళ్లండి. అది పట్టణానికి సుమారు నాలుగు కిలోమీటర్లు. దాదాపు మూడెకరాల్లో ఊడలు దించుకున్న ఈ మర్రి వయసు ఏడు వందల ఏళ్లని అంచనా. అసలు మాను ఏదో, ఊడ ఏదో చెప్పలేనంతగా కలిసిపోయింది.

2018లో ఈ చెట్టుకు చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, అటవీశాఖవారు ఆసుపత్రిలో రోగికి సెలైన్ పెట్టినట్టు, మందు కలిపిన సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా చెట్టులోకి ఎక్కించారు. బరువైన కొమ్మలకు ఆధారాలు కట్టారు. చెట్టుకు అంత జబ్బు చేయడంలో మనుషుల పాత్ర కూడా తక్కువేమీ కాదు. ఊడలు పట్టుకుని ఊగడం, కొమ్మలెక్కడం, బెరడు మీద పేర్లు చెక్కడం ఏళ్ల తరబడి సాగాయి. కాబట్టి పిల్లలను చెట్టును కళ్లతో చూడమనండి, చేతులతో వద్దు. నోటుపుస్తకంలో ఒక ఊడ బొమ్మ గీసుకుని రావడమే ఆ రోజు బహుమతి.

ఓపిక ఉంటే మరో ఆదివారం అప్పన్నపల్లి వైపు వెళ్లవచ్చు. జడ్చర్ల దారిలో ఉన్న ఆ రిజర్వు అడవిలో అర్బన్ ఎకో పార్కు ఉంది. అయితే ఆ రోడ్డు మీద బస్సులు, లారీలు ఎక్కువ. చిన్నపిల్లలుంటే సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసుకుని గేటు దాకా వెళ్లడమే మేలు. లోపల సైకిళ్లకు అనుమతి ఎక్కడిదాకా ఉందో టికెట్టు తీసుకునేటప్పుడే అడగండి. దసరా రోజుల్లో వెళితే దారి పక్కన పచ్చని తంగేడు, తెల్లని గునుగు ఉంటాయి. బతుకమ్మలో పేర్చే పూలు మొక్క మీద ఎలా ఉంటాయో చూడని పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కరెంటు తీగ మీద పాలపిట్ట వాలి ఉంటే మరింత మంచిది. రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు అమ్మేవారు కనిపిస్తే ఆగండి. వ్యవసాయ పుస్తకాల్లో పేరున్న 'బాలానగర్' సీతాఫలం రకం మన పాలమూరు జిల్లా ఊరి పేరుతోనే ఉంది.

మూడో ఆదివారం: సరళాసాగర్

ఇది తొమ్మిది, పది తరగతుల పిల్లలకు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి వనపర్తి జిల్లాలో, కొత్తకోట దాటాక ఉంది. సైకిళ్లను బండిలో కొత్తకోట దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి ఊళ్ల మధ్య రోడ్డు మీద తొక్కండి. హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి మీద మాత్రం ఒక్క కిలోమీటరు కూడా పిల్లలతో తొక్కవద్దు.

వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరుతో కట్టించిన ప్రాజెక్టు ఇది. 1949లో మొదలై 1959లో పూర్తయింది. దీని ప్రత్యేకత సైఫన్లు. వరద వచ్చినప్పుడు గేట్లు ఎత్తడానికి మనిషి అక్కరలేదు. నీటిమట్టం ఒక హద్దు దాటగానే మూసి ఉన్న సైఫన్ గూడులోని గాలిని ప్రవాహం లాగేస్తుంది. గాలి పోయిన చోటికి జలాశయం నీరు పీల్చుకున్నట్టు ఎక్కి అవతలికి దూకుతుంది. మట్టం తగ్గి గాలి మళ్లీ లోపలికి చొరబడగానే ప్రవాహం తనంత తానే ఆగిపోతుంది.

ఇంట్లో చేసి చూపించండి. స్టూలు మీద ఒక బకెట్టు, కింద ఒకటి పెట్టండి. ప్లాస్టిక్ గొట్టాన్ని నీటితో నింపి, రెండు చివరలూ మూసి, ఒక చివర పై బకెట్టులో ముంచి వదిలేయండి. పై చివర నీటిలోంచి బయటికి రాగానే ఏమవుతుందో చూడమనండి. ఆ తర్వాత సరళాసాగర్ ముందు నిలబడితే వాళ్లకు మనం చెప్పాల్సిందేమీ మిగలదు.

2019 డిసెంబరు 31న ఇదే సరళాసాగర్ మట్టికట్టకు గండి పడింది. నిండుగా ఉన్న నీరంతా దిగువకు పోయింది. తర్వాత కట్టను తిరిగి కట్టారు. ఎంత తెలివైన సైఫన్ ఉన్నా, మట్టికట్టను ఏటా చూసుకునే మనుషులు ఉండాల్సిందే. పాతకాలంలో ప్రతి ఊరికీ తూము తీసి మూసే నీరటి ఉండేవాడు. కట్ట మీద ఎలుక బొరియ పడినా ముందు అతని కంటే పడేది. వెళ్లిన ఊళ్లో పెద్దవాళ్లు ఎవరైనా కనిపిస్తే "తాతా, మీ ఊరి నీరటి ఎవరు?" అని పిల్లలతో అడిగించండి. అర గంట కథ దొరుకుతుంది.

నల్లమల మాట

అడవి అనగానే అచ్చంపేట, మన్ననూరు గుర్తొస్తాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి, నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో ఉంది. చెంచుల ఇల్లు అది. అక్కడ పిల్లలతో సైకిళ్లు వద్దని స్పష్టంగా చెబుతున్నాం. శ్రీశైలం రోడ్డు మలుపులతో, బస్సులతో నిండి ఉంటుంది. వన్యప్రాణుల కోసమే రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారిలో వాహనాలను ఆపేస్తారు. ఫరహాబాద్ వ్యూ పాయింట్ చూడాలంటే అటవీశాఖ సఫారీ బండిలో వెళ్లండి. సైకిలు ఆపుకోవాల్సిన చోటు ఏదో తెలియడం కూడా పాఠంలో భాగమే.

సిద్ధం కావడం

కొత్త సైకిలు కొనక్కరలేదు, గేర్లూ అక్కరలేదు. సీటు మీద కూర్చుంటే పిల్లల కాలివేళ్లు నేలకు ఆనాలి. రెండు బ్రేకులూ పట్టాలి. హెల్మెట్ పిల్లలకే కాదు, మీకూ. మన దారుల్లో టైర్లకు అసలు శత్రువులు పల్లేరు కాయలు, తుమ్మముళ్లు. పంక్చర్ కిట్టు, చేతి పంపు వెంట ఉండాలి. పంక్చర్ వేయడం ముందే ఇంట్లో ఒకసారి పిల్లల చేత చేయించండి.

నెదర్లాండ్స్‌లో ప్రాథమిక పాఠశాల ముగిసేలోపు పిల్లలు రోడ్డు మీద సైకిలు తొక్కి చూపించే ట్రాఫిక్ పరీక్ష రాస్తారు. మనమూ ఇంటి ముందు సందులో ఒక పరీక్ష పెట్టుకుందాం: చేయి చాచి మలుపు సూచించడం, సైకిలు వంకర పోకుండా వెనక్కి తిరిగి చూడడం, చెప్పిన గీత దగ్గర ఆపడం. మూడూ వచ్చాకే రోడ్డు.

తెల్లగా వెలుతురు వచ్చాక బయలుదేరి, తొమ్మిదిన్నరకల్లా తిరిగి రండి. ముందు ఒక పెద్ద, వెనుక ఒక పెద్ద, మధ్యలో పిల్లలు. అందరి వేగం అందరిలో చిన్నవాడి వేగమే. కుక్కలు వెంటపడితే తొక్కడం ఆపి, దిగి, సైకిలును మధ్యలో అడ్డుగా పెట్టుకుని నడవండి. ఒక్కొక్కరికి లీటరు నీళ్లు, జొన్నరొట్టెతోనో చపాతీతోనో సద్ది కట్టుకోండి. ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా కట్ట మీద వదలకండి.

ఒక్క నియమానికి మినహాయింపు లేదు: చెరువులోకి ఎవరూ దిగకూడదు. ఈత వచ్చినా సరే. మట్టి తవ్విన గోతులు నీటి కింద కనిపించవు. మోకాలి లోతు అనుకున్న చోట పక్క అడుగులోనే మనిషి లోతు ఉండవచ్చు. మత్తడి మీది పాచి జారుతుంది. నీళ్లు దుంకే చోట ఫోటో కోసం కూడా నిలబడవద్దు.

తిరిగి వచ్చాక

మూడు నుంచి ఐదో తరగతి పిల్లలు తాము చూసిన పక్షులు, పూల బొమ్మలు గీయాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు: ఇంటి నుంచి చెరువు దాకా దారి పటం గీసి, దిక్కులు, దూరం, పట్టిన సమయం రాసి, సగటు వేగం కట్టాలి. తొమ్మిది, పది తరగతులవారు ఒక పేజీ రాయాలి: ఆ చెరువు నిండితే నీరు ఎటు పోతుంది? ఏ వాగులో కలిసి, ఏ నదికి చేరుతుంది? దారి తెలియకపోతే ఊళ్లోవాళ్లను అడగాలి, ఫోనును కాదు. ఈ పటాలను, పేజీలను వచ్చే నెల మొదటి వారంలో క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. వీటికి మార్కులు లేవు. తరగతి గోడ మీద చోటు ఉంది.

"ఆదివారం కూడా పోతే చదువు ఎప్పుడు?" అనే సందేహం సహజం. నెలకు మూడు గంటలు. ఆ మూడు గంటల్లో పిల్లలు మీతో మాట్లాడతారు, మీరు వాళ్లతో మాట్లాడతారు. పక్కపక్కనే తొక్కుతున్నప్పుడు, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని మాటలు కూడా బయటికి వస్తాయి. మార్కుల గురించి మాత్రం ఆ మూడు గంటలూ అడగకండి.

రేపు మన పిల్లలే ఇంజనీర్లు, అధికారులు, ఇళ్లు కొనుక్కునే మనుషులు అవుతారు. ఒక చెరువు శిఖాన్ని పూడ్చి ప్లాట్లు చేయాలా, ఉంచాలా అన్న కాగితం ఏదో ఒక రోజు వాళ్ల బల్ల మీదికి వస్తుంది. ఆ రోజు వాళ్లకు నాలుగు మార్కుల జవాబుతో పాటు, చిన్నప్పుడు అమ్మానాన్నలతో సైకిలు ఆపి చూసిన మత్తడి కూడా గుర్తు రావాలి.

టైర్లలో గాలి చూసుకోండి. ఆదివారం దగ్గర్లోనే ఉంది.